నొప్పి చెప్పని పన్ను

ఇంప్లాంట్ పెట్టించుకున్నవాళ్లు నన్ను అడిగే మొదటి ప్రశ్న దాదాపు ఎప్పుడూ ఒకటే. “ఇక ఇది పుచ్చిపోదు కదా డాక్టర్?”

పుచ్చదు. టైటానియానికి పుచ్చు పట్టదు. దానికి నరం లేదు కాబట్టి రూట్ కెనాల్ గొడవ లేదు. ఐస్‌క్రీమ్ తిన్నా జివ్వుమనదు. ఇంతవరకు విని చాలామంది హాయిగా కుర్చీలోంచి లేచిపోతారు. నేను చెప్పబోయే రెండో సగం వినేవాళ్లు తక్కువ. ఈ వారం ఆ రెండో సగం చెప్తాను.

పన్ను పుచ్చదు గానీ, దాని చుట్టూ ఉన్న చిగురుకి జబ్బు రావొచ్చు. చిగురు కింద ఎముక కరిగిపోవచ్చు. అదీ చాలావరకు నొప్పి లేకుండానే. నరం లేకపోవడం సుఖం అని ఇందాక అన్నాను కదా, చిక్కు కూడా అక్కడే ఉంది.

“నాకు పాతికేళ్లు, ఇంప్లాంట్ గోల నాకెందుకు” అని స్క్రోల్ చేసేయకండి. బైక్ మీంచి పడి ముందు పన్ను పోగొట్టుకున్నవాళ్లు నా దగ్గరికి వచ్చేది ఎక్కువగా మీ వయసులోనే. పుట్టుకతోనే పై వరసలో కోరపన్ను పక్కనుండే చిన్న పన్ను రానివాళ్లు కూడా ఉంటారు. ఎదుగుదల పూర్తయ్యాక వాళ్లలో కొందరు ఇంప్లాంట్ వేయించుకుంటారు. ఇవేవీ కాకపోయినా అమ్మకో నాన్నకో దవడ పళ్లు పెట్టించే బిల్లు మీ ఫోన్ నుంచే కడతారు. బిల్లు కట్టేవాళ్లకి ఈ సంగతి తెలియాలి.

కుట్టిన జాకెట్టు, చుట్టిన లుంగీ

ముందు లోపల ఏముందో చూద్దాం. ఇంప్లాంట్ అంటే మూడు ముక్కలు. ఎముకలో దిగే స్క్రూ, దాని మీద కూర్చుని చిగురులోంచి పైకొచ్చే అబట్‌మెంట్, దాని పైన మనకి కనిపించే క్యాప్. స్క్రూ చుట్టూ ఎముక పెరిగి దాన్ని నేరుగా పట్టేసుకుంటుంది. దీన్నే ఆసియోఇంటిగ్రేషన్ అంటారు. స్వీడన్‌కి చెందిన పెర్-ఇంగ్వర్ బ్రోనెమార్క్ 1950లలో కుందేలు కాలి ఎముకలో టైటానియం పరికరం పెట్టి రక్త ప్రసరణ గమనించేవాడు. పని అయ్యాక తీద్దామంటే అది రాలేదు. ఎముక దాన్ని వదల్లేదు. ఆ ఇబ్బందిలోంచే ఈ వైద్యం పుట్టింది.

సొంత పన్ను అలా ఉండదు. పంటి వేరుకీ ఎముకకీ మధ్య సన్నటి నార పొర ఉంటుంది. వేలాది నార పోగులు పన్నుని ఊయలలా వేలాడదీసి పట్టుకుంటాయి. గట్టిది కొరికితే పన్ను ఇంతంత కదులుతుంది, ఎంత గట్టిగా కొరికామో మెదడుకి కబురు వెళ్తుంది. ఆ పొరలో రక్తనాళాలు ఉంటాయి, నొప్పిని మోసే నరాలూ ఉంటాయి. ఇంప్లాంట్‌కి ఈ పొర లేదు. గోడలో దిగ్గొట్టిన మేకులా ఉంటుంది.

ఇంకో తేడా చిగురు దగ్గర. సొంత పంటి చుట్టూ ఉన్న చిగురు పోగులు వేరులోకి అడ్డంగా దూరి నాటుకుని ఉంటాయి. సూదితో కుట్టినట్టే. ఇంప్లాంట్ చుట్టూ ఉన్న పోగులు లోహంలోకి దూరలేవు. అవి స్క్రూ పక్కనే నిలువుగా, చుట్టూ గుండ్రంగా పోతాయి. కుట్టిన జాకెట్టుకీ చుట్టిన లుంగీకీ ఉన్న తేడా అనుకోండి. లుంగీ బిగుతుగా ఉన్నంతసేపు బాగానే ఉంటుంది. ఊడిందంటే ఆపడానికి కుట్టు లేదు.

అందుకే సొంత పంటి దగ్గర బ్యాక్టీరియా కిందికి దిగాలంటే పోగుల గోడని తెంపుకుంటూ పోవాలి. ఇంప్లాంట్ దగ్గర ఆ గోడ బలహీనం. పైగా నార పొర నుంచి వచ్చే రక్తం కూడా అక్కడి చిగురుకి ఉండదు కాబట్టి కాపలా కాసే కణాలు చేరే దారుల్లో ఒకటి తగ్గినట్టే.

మొదలయ్యేది పాచితోనే

జబ్బుకి కారణం పెద్ద వింత ఏమీ కాదు. పొద్దున లేవగానే నాలుకతో పళ్లు తడిమితే జిగటగా తగిలే పాచి. “పాచి పళ్లతో కాఫీ తాగకు” అని అమ్మమ్మలు అరిచేది దీని గురించే. సైన్సులో దీన్ని బయోఫిల్మ్ అంటారు. ఇది ఒట్టి మురికి కాదు. బ్యాక్టీరియా ఒకదానికొకటి అంటుకుని, చుట్టూ జిగురు కట్టుకుని కాపురం పెట్టిన ఊరు. ఆ జిగురు వల్లే పుక్కిలిస్తే పోదు, యాంటీబయాటిక్ మాత్ర వేసుకున్నా పూర్తిగా పోదు. గీకితేనే పోతుంది.

టైటానియం నోట్లోకి రాగానే లాలాజలంలోని ప్రొటీన్లు దాని మీద పొరలా పరుచుకుంటాయి. గంట తిరక్కముందే మొదటి బ్యాక్టీరియా వచ్చి చేరుతుంది. మొదట వచ్చేవి పెద్దగా హాని చేయనివి. వాటిని అలాగే వదిలేస్తే పొర మందమవుతుంది, అడుగున గాలి ఆడదు. గాలి లేని చోటే ఇష్టపడే పోర్ఫిరోమోనాస్ జింజివాలిస్ లాంటి మొండి రకాలు అప్పుడు వచ్చి చేరతాయి. ఇవి చిగుళ్ల జబ్బు ఉన్న పక్క పళ్ల మీంచి కూడా వలస వస్తాయి. గుర్తుపెట్టుకోండి, ఈ వలస సంగతి మళ్లీ అవసరమవుతుంది.

1965లో, పక్కపక్క దేశాల్లో, ఈ కథకి సంబంధించిన రెండు సంఘటనలు జరిగాయి. స్వీడన్‌లో బ్రోనెమార్క్ తన మొదటి పేషెంట్ గోస్టా లార్సన్ కింది దవడలో టైటానియం స్క్రూలు బిగించాడు. డెన్మార్క్‌లోని ఆర్హస్‌లో హరాల్డ్ లో అనే ఆచార్యుడు, చిగుళ్లు ఆరోగ్యంగా ఉన్న 12 మందిని బ్రష్ చేయడం మానేయమన్నాడు. వాళ్లలో ఎక్కువమంది డెంటల్ విద్యార్థులే. పళ్లు తోముకోవద్దని డెంటల్ కాలేజీలో చెప్పించుకోవడం ఎంత అదృష్టమో! 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్లు ఎర్రబడి వాచాయి. మళ్లీ బ్రష్ మొదలుపెట్టిన వారం రోజుల్లో తగ్గిపోయాయి. చిగుళ్ల వాపుకి పాచే కారణమని అంత సూటిగా రుజువు చేసిన ప్రయోగం అంతకు ముందు లేదు.

సుమారు ముప్పై ఏళ్ల తర్వాత, 1994లో, ఇంప్లాంట్లు ఉన్నవాళ్ల మీద ఇదే ప్రయోగం చేశారు. మూడు వారాలు బ్రష్ లేదు. ఇంప్లాంట్ చుట్టూ ఉన్న చిగురు కూడా అలాగే ఎర్రబడింది. 2012లో ఇంకో బృందం మళ్లీ చేసి ఒక తేడా పట్టుకుంది. బ్రష్ మొదలుపెట్టిన మూడు వారాల తర్వాత కూడా ఇంప్లాంట్ల దగ్గరి చిగురు పూర్తిగా మామూలు స్థితికి రాలేదు. అంటే లుంగీ మళ్లీ బిగుసుకోవడానికి టైమ్ ఎక్కువ పడుతుంది.

రెండు పేర్లు, మధ్యలో ఒక గీత

ఇంప్లాంట్ చుట్టూ వచ్చే జబ్బు రెండు మెట్లలో వస్తుంది. మొదటి మెట్టు పేరు పెరి-ఇంప్లాంట్ మ్యూకోసైటిస్. ‘పెరి’ అంటే చుట్టూ, ‘ఐటిస్’ అంటే వాపు. చిగురు మాత్రమే వాచింది, ఎముక క్షేమం. రంగు ఎర్రగా మారుతుంది, ముట్టుకుంటే రక్తం వస్తుంది, ఒక్కోసారి కొంచెం నొక్కినట్టుంటుంది. శుభ్రం చేస్తే వెనక్కి తగ్గే దశ ఇది.

రెండో మెట్టు పెరి-ఇంప్లాంటైటిస్. వాపు చిగురు దాటి ఎముక దాకా పోయింది, ఎముక కరగడం మొదలైంది. ఇక్కడ నుంచి పూర్తిగా వెనక్కి రావడం కష్టం. ఉన్నచోట ఆపగలిగితే అదే గొప్ప.

ఎముకని తినేది బ్యాక్టీరియా అని చాలామంది అనుకుంటారు. నేరుగా తినేది అవి కాదు, మన కణాలే. పాచి తగ్గకుండా రోజుల తరబడి అక్కడే ఉంటే శరీరం రక్షణ దళాలని పంపుతూనే ఉంటుంది. యుద్ధం ఎక్కువ కాలం సాగితే ఆ దళాలు వదిలే రసాయనాలు ఆస్టియోక్లాస్టులనే ఎముక తినే కణాలని నిద్ర లేపుతాయి. బ్యాక్టీరియా నుంచి దూరం జరగడానికి శరీరం తన ఎముకనే వెనక్కి లాక్కుంటుందన్నమాట. సొంత పంటి దగ్గరైతే ఈ యుద్ధానికీ ఎముకకీ మధ్య మిల్లీమీటరు మందాన పోగుల గోడ మిగులుతుంది. ఇంప్లాంట్ దగ్గర ఆ గోడ ఏర్పడదు. మంట నేరుగా ఎముకకి తగులుతుంది.

ఎక్స్-రేలో చూస్తే స్క్రూ చుట్టూ మూకుడు ఆకారంలో గుంట కనిపిస్తుంది. చాలాసార్లు నాలుగు వైపులా సమానంగా కరుగుతుంది. ఇది నిలకడగా ఏడాదికింత అని కరగదు, పోనుపోను వేగం పెరుగుతుంది. ఎముక కిందికి దిగేకొద్దీ స్క్రూ మరలు బయటపడతాయి. ఎముక బాగా పట్టాలని కావాలనే ఆ మరల మీద గరుకు పెడతారు. ఇప్పుడు ఆ గరుకే పాచికి అడ్డా. బ్రష్ అక్కడికి చేరదు.

మొదటి మెట్టు మీదున్న వాళ్లలో ఎవరు రెండో మెట్టు ఎక్కుతారో ముందే చెప్పే రక్తపరీక్ష గానీ యాప్ గానీ లేదు. అందుకే మొదటి మెట్టునే సీరియస్‌గా తీసుకోమంటాను.

ఎంతమందికి వస్తుంది? 2015లో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్కేసిన ఒక సమీక్షలో, ఇంప్లాంట్ ఉన్నవాళ్లలో సగటున 43 శాతం మందికి మ్యూకోసైటిస్, 22 శాతం మందికి పెరి-ఇంప్లాంటైటిస్ అని తేలింది. అయితే రెండో అంకె విడివిడి అధ్యయనాల్లో 1 నుంచి 47 శాతం దాకా ఊగింది. ఎముక ఎంత కరిగితే జబ్బు అనాలో ఒక్కొక్కరు ఒక్కో కొలత పెట్టుకున్నారు మరి. ఆ గందరగోళం తీర్చడానికే 2017లో అమెరికా, యూరప్ చిగుళ్ల నిపుణులు షికాగోలో కూర్చుని ఉమ్మడి నిర్వచనాలు రాసుకున్నారు. అంకెలు ఎలా ఉన్నా, ఇది అరుదైన జబ్బు కాదు.

వాట్సాప్‌లో దొరికిన ఎక్స్-రే

మా క్లినిక్‌కి ఒకబ్బాయి వచ్చాడు. 26 ఏళ్లు, సాఫ్ట్‌వేర్. డిగ్రీలో ఉన్నప్పుడు బైక్ జారి పై ముందు పన్ను పోయింది, ఇంప్లాంట్ వేయించుకున్నాడు. ఐదేళ్లు ఏ ఇబ్బందీ లేదు. ఆ ఐదేళ్లలో ఒక్కసారి కూడా ఎవరికీ చూపించలేదు. “నొప్పి లేదు కదా మేడమ్, ఎందుకు చూపించాలి?” అన్నాడు. ఐదారు నెలల నుంచి బ్రష్ చేస్తే అక్కడ రక్తం వస్తోందట. రక్తం వస్తోందని భయపడి ఆ చోట బ్రష్ చేయడమే మానేశాడు.

ఇది చాలామంది చేసే పని, అందుకే ఇక్కడ ఆగి చెప్తున్నాను. బ్రష్ తగలగానే రక్తం రావడం చాలావరకు అక్కడ పాచి ఉందని చెప్పే గుర్తు. బ్రష్ మానేస్తే పాచి పెరుగుతుంది, రక్తం ఇంకా వస్తుంది.

సన్నటి కొలత కడ్డీ చిగురు పక్కన దించితే వెనకవైపు 7 మిల్లీమీటర్లు దిగింది. నొక్కితే చీము. ఎక్స్-రే తీశాం. ఎముక కిందికి ఉంది, సరే. కానీ ఎంత కిందికి దిగింది? మొదట్లో ఎక్కడుండేది? స్క్రూ పెట్టిన మొదటి ఏడాదిలో ఎముక కొంచెం సర్దుకోవడం మామూలే, 2 మిల్లీమీటర్ల లోపు ఉంటే దాన్ని జబ్బు అనం. అసలు స్థాయి తెలియకుండా ఇప్పటి ఫొటో ఒక్కటే చూసి కచ్చితంగా చెప్పడం కష్టం. పెట్టిన క్లినిక్‌లో పాత ఫైల్ దొరకలేదు.

వాడు ఫోన్ తీసి అక్కతో పాత వాట్సాప్ చాట్ పైకి పైకి జరుపుకుంటూ పోయాడు. క్యాప్ పెట్టిన రోజు “అయిపోయిందే” అని నవ్వుతున్న సెల్ఫీ, దాని కింద ఎక్స్-రే ఫొటో. కంప్యూటర్ స్క్రీన్‌ని ఫోన్‌తో తీసింది, కొంచెం వంకరగా ఉంది. అయినా సరిపోయింది. స్క్రూ మరలు లెక్కపెట్టడమే. అప్పుడు ఎముక మొదటి మర దగ్గర ఉంది. ఇప్పుడు ఐదో మర దగ్గర. నాలుగు మరలు దిగిపోయింది. ఆ కంపెనీ స్క్రూలో మరకీ మరకీ దూరం మాకు తెలుసు కాబట్టి లెక్క మూడు మిల్లీమీటర్ల పైనే తేలింది.

చిగురు తెరిచి శుభ్రం చేశాం. ఇప్పటికి ఎముక అక్కడే నిలబడింది, చీము లేదు. కానీ వాపు తగ్గాక చిగురు కూడా పైకి జరిగింది. పెదవి ఎత్తి నవ్వితే అంచులో బూడిద రంగు కనిపిస్తుంది. అప్పుడే పెళ్లిచూపులు నడుస్తున్నాయి. “దీన్ని కవర్ చేయలేరా మేడమ్?” అని మూడుసార్లు అడిగాడు. చిగురు గ్రాఫ్ట్ ప్రయత్నించొచ్చు, పూర్తిగా మునుపటిలా అవుతుందని మాటివ్వలేను అన్నాను. ఫొటోల్లో పెదవి మూసి నవ్వడం అలవాటు చేసుకున్నాడని వాళ్ల అక్క చెప్పింది. మ్యూకోసైటిస్ దగ్గరే వచ్చి ఉంటే శుభ్రం చేయడంతో పోయేది.

ఎవరికి ఎక్కువ

షికాగో సమావేశం గట్టిగా చెప్పిన కారణాలు మూడు. ఇదివరకు చిగుళ్ల జబ్బుతో ఎముక పోయి ఉండటం, పాచి సరిగా తీయకపోవడం, క్రమం తప్పకుండా చూపించుకోకపోవడం. మొదటిదాన్ని మనవాళ్లు అస్సలు పట్టించుకోరు. చిగుళ్ల జబ్బుతో పళ్లు కదిలి ఊడిపోయినవాళ్లు “పళ్లు పోయాయి కాబట్టి జబ్బు పోయింది” అనుకుంటారు. పోలేదు. మిగిలిన పళ్ల పాకెట్లలో అదే బ్యాక్టీరియా ఉంది. ఇందాక చెప్పిన వలస అదే. ముందు చిగుళ్ల వైద్యం, తర్వాతే ఇంప్లాంట్. ఈ వరస తిప్పేసి “ఈ రోజే స్క్రూ వేసేద్దాం” అంటే అనుమానించండి.

సిగరెట్, షుగర్ సంగతి? అప్పటికి దొరికిన ఆధారాలు ఒక మాట మీద లేవని ఆ నిపుణులే రాశారు. కానీ పొగ గాయాన్ని మాననివ్వదు, అదుపులో లేని షుగర్ చిగుళ్లని పాడు చేస్తుంది. ఈ రెండిటిలో అనుమానం లేదు. కాబట్టి నా కుర్చీలో కూర్చున్నవాళ్లకి నేను మినహాయింపు ఇవ్వను.

ఇక డాక్టర్ల వైపు నుంచి వచ్చే కారణాలు. మా వాళ్ల గురించి నేనే చెప్పడం కొందరికి నచ్చదు, పర్లేదు. క్యాప్‌ని సిమెంట్‌తో అతికిస్తే మిగులు సిమెంట్ చిగురు కిందికి జారుతుంది. తీయకపోతే అది అక్కడే గట్టిపడి గరుకు రాయిలా కూర్చుంటుంది, దాని మీద పాచి. 2009లో అమెరికాలో ఒక చిగుళ్ల వైద్యుడు చిన్న కెమెరాతో చిగురు కింద చూసి, జబ్బు లక్షణాలున్న ఇంప్లాంట్లలో 81 శాతం చోట్ల మిగులు సిమెంట్ ఉందని ప్రకటించాడు. అది తీసేశాక ఎక్కువ చోట్ల జబ్బు తగ్గింది. అందుకే చాలామందిమి వీలైనచోట స్క్రూతో బిగించే క్యాప్ వైపు మొగ్గుతాం. “నాది సిమెంట్ టైపా, స్క్రూ టైపా” అని అడిగే హక్కు మీకుంది.

రెండోది క్యాప్ ఆకారం. దవడ పన్ను వెడల్పు పది మిల్లీమీటర్ల పైమాటే, కింద స్క్రూ నాలుగైదే. సరిగా మలచకపోతే క్యాప్ పుట్టగొడుగులా గొడుగు పట్టుకుని కూర్చుంటుంది. గొడుగు కిందికి బ్రష్ వెళ్లదు. అన్నీ కలిపి అతికించేసిన పొడుగాటి బ్రిడ్జిలయితే మరీ కష్టం. క్యాప్ పెట్టిన రోజే అద్దం తీసుకుని, మధ్య సందుల్లో దూరే చిన్న బ్రష్ పెట్టి చూడండి. దూరకపోతే అక్కడికక్కడే చెప్పండి.

ఇంకో రకం ఉంది. అమెరికా నుంచి మూడు వారాల సెలవు మీద వచ్చి, పెళ్లి, తిరుపతి, ఇంప్లాంట్ మూడూ ఒకే ట్రిప్‌లో ముగించుకునే రకం. వాళ్లని తప్పుపట్టను, అక్కడి ఖర్చు అలాంటిది. కానీ ఆ స్క్రూ కంపెనీ ఏది, మోడల్ ఏది, సైజు ఎంత అని రాసిచ్చే కార్డు లేకుండా విమానం ఎక్కితే డాలస్‌లో డాక్టరుకి దాన్ని విప్పే స్క్రూడ్రైవర్ కూడా తెలియదు. అలాగే కొడుకులు అక్కడ, అమ్మానాన్న ఇక్కడ. డబ్బు వచ్చింది, పళ్లు వచ్చాయి, ఆర్నెల్లకోసారి తీసుకెళ్లేవాళ్లు లేరు. “నాకేం నొప్పి లేదు నాన్నా” అని అమ్మ వీడియో కాల్‌లో చెప్తుంది. నిజంగానే నొప్పి ఉండదు.

లైఫ్‌టైమ్ వారంటీ అని ఇచ్చే కార్డు కూడా ఒకసారి చదవండి. చాలావరకు అది లోహం ముక్కకి ఇచ్చే హామీ. చిగురుకి, ఎముకకి ఏ కంపెనీ వారంటీ ఇవ్వదు.

ఫోన్‌లో ఏముండాలి, బాత్రూమ్‌లో ఏముండాలి

క్యాప్ పెట్టిన రోజు ఎక్స్-రే అడిగి తీసుకోండి. చిగురు చుట్టూ కొలతలు కూడా రాయించుకోండి. ఆ రెండూ, స్క్రూ కార్డు ఫొటో, మీ ఫోన్‌లో, క్లౌడ్‌లో ఉంచండి. ఏడాది తర్వాత ఇంకో ఎక్స్-రే. ఈ మొదటి రికార్డు లేకపోతే మాకు మిగిలేవి షికాగో వాళ్లు పెట్టిన అత్యవసర కొలతలే. రక్తం లేదా చీము వస్తూ, పాకెట్ 6 మిల్లీమీటర్లు, ఎముక 3 మిల్లీమీటర్లు దిగితే జబ్బు అనాలి. అంటే మొదటి ఫొటో లేనివాళ్లకి జబ్బు అని గట్టిగా చెప్పేసరికి మూడు మిల్లీమీటర్లు పోయి ఉంటుంది.

“ఇంప్లాంట్ చుట్టూ కడ్డీ పెట్టి కొలవకూడదట కదా” అని కొందరు అడుగుతారు. పాత భయం అది. తేలికపాటి ఒత్తిడితో కొలిస్తే ఏమీ కాదు, కొలవకపోతేనే నష్టం. చెకప్ అంటే క్యాప్‌ని వేలితో కదిపి “స్ట్రాంగ్‌గా ఉంది” అనడం కాదు. ఎముక సగం పోయినా స్క్రూ గట్టిగానే ఉంటుంది. ఎప్పుడైనా క్యాప్ కదిలితే అది ఎక్కువసార్లు లోపలి చిన్న బోల్టు వదులవడం, బిగిస్తే సరిపోతుంది. కింద స్క్రూయే ఊగుతోందంటే ఎముక పట్టు పూర్తిగా పోయినట్టు.

ఇంట్లో మెత్తటి బ్రష్ రెండు పూటలా, సందుల్లో ఇంటర్‌డెంటల్ బ్రష్ రోజుకోసారి. దాని తీగకి ప్లాస్టిక్ పూత ఉన్నది కొనండి. వాటర్ ఫ్లాసర్ ఉంటే మంచిదే, కానీ అది బ్రష్‌కి తోడు, బదులు కాదు. ఉప్పునీళ్లు, లవంగ నూనె వాపుకి కాస్త ఊరట. పాచిని పీకవు. చీము కనిపించగానే మెడికల్ షాపులో అడిగి యాంటీబయాటిక్ కొనుక్కుంటారు చూడండి, అది మాత్రం వద్దు. నాలుగు రోజులు తగ్గినట్టుంటుంది, కింద ఊరు ఊరే ఉంటుంది, మనకి మూడు నెలలు వృథా.

క్లినిక్‌లో క్లీనింగ్ ఏడాదికి రెండుసార్లు. పాత చిగుళ్ల జబ్బు ఉన్నవాళ్లకి మూడు నాలుగు నెలలకోసారి. ఇంప్లాంట్ ఉందని ముందే చెప్పండి, మామూలు స్టీలు పరికరం గీతలు పెట్టొచ్చు, దానికి వేరే టిప్‌లు ఉంటాయి. మ్యూకోసైటిస్ అయితే ఇంతే వైద్యం. పెరి-ఇంప్లాంటైటిస్ అయితే ముందు ఆపరేషన్ లేకుండా లోపల శుభ్రం చేసి, కొన్ని వారాలు ఆగి మళ్లీ కొలుస్తాం. లోతు తగ్గకపోతే, రక్తం ఆగకపోతే చిగురు తెరిచి మరల మధ్య శుభ్రం చేయాలి. గుంట ఆకారం అనుకూలంగా ఉంటే ఎముక పొడి నింపి చూస్తాం.

చివరగా అందరూ అడిగే ప్రశ్న. “తీసేసి కొత్తది వేయలేరా?” వేయొచ్చు. కానీ సగం ఎముక పోయిన స్క్రూ కూడా మిగిలిన సగాన్ని వదలదు. వెనక్కి తిప్పే ప్రత్యేక పరికరంతో పీకాలి, కుదరకపోతే చుట్టూ ఎముకతో సహా కోసి తీయాలి. అప్పుడు ఆ గుంట నిండటానికి నెలలు పడుతుంది, తరచూ గ్రాఫ్ట్ కావాలి. అదే చోట పెట్టిన రెండో ఇంప్లాంట్ నిలిచే అవకాశం మొదటిదానికంటే కొంచెం తక్కువ. లార్సన్ స్క్రూలు మాత్రం 2006లో ఆయన చనిపోయేదాకా, నలభై ఏళ్లు దాటి, ఆయన దవడలోనే పనిచేశాయి.